మెతుకు పట్టి... కాయ తట్టి...

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోడానికి గిన్నెడన్నం పిసికి చూసే ఇల్లాలు ఉంటుందా? ఒక్క మెతుకు పట్టుకుంటే చాలదూ! పుచ్చకాయ దగ్గర మాత్రం ఆ పద్ధతి చెల్లదు. కోయిస్తే కొనాల్సిందే మరి! అందుకని వేలితో తట్టి, చెవి ఒగ్గి వింటాం. కాలేయం సంగతి తేల్చడానికి వైద్యులు పట్టిన దారులు కూడా ఈ రెండే.

తట్టడం పాత విద్య. వియన్నాలో అవెన్‌బ్రుగ్గర్ అనే వైద్యుడు రోగి ఛాతీని తట్టి, శబ్దాన్నిబట్టి జబ్బు పోల్చవచ్చని 1761లో పుస్తకం రాశాడు. ఆయన తండ్రి సత్రం నడిపేవాడు. పీపాలో మద్యం ఎందాకా ఉందో తట్టి చూడటం అక్కడే నేర్చాడంటారు. కానీ ఆ తట్టుడుకు కాలేయం ఎంత పెరిగిందో తెలిసేదే తప్ప, లోపల మచ్చలు కట్టాయో లేదో తెలిసేది కాదు. కార్జం తరిగిన చేతులకు తెలుసు, అదెంత మెత్తనో! కొవ్వో, మద్యమో, కామెర్ల క్రిమో ఏళ్ల తరబడి గాయం చేస్తుంటే ఆ మెత్తదనం పీచుకట్టి గట్టిపడుతుంది. ముదిరితే అదే సిరోసిస్. చాలాకాలం నొప్పీ ఉండదు, గుర్తూ ఉండదు.

ఇక మెతుకు సంగతి. జర్మనీలో ఎర్లిక్ 1883లోనే సూదితో కాలేయపు ముక్క తీశాడు. 1958లో ఇటలీ వైద్యుడు మెంఘిని, సూది లోపల ఒక్క సెకను మాత్రమే ఉండే పద్ధతి చెప్పాడు. అప్పట్నుంచి బయాప్సీయే గీటురాయి. అయితే ఆ ముక్క మొత్తం కాలేయంలో సుమారు యాభై వేలవ వంతు! సెగ సమంగా తగలని గిన్నెలో ఒక పక్క మెతుకు, ఇంకో పక్క పలుకు ఉండవూ? 2002లో వెలువడిన ఒక పరిశోధనలో 124 మందికి కుడి, ఎడమ భాగాల నుంచి ముక్కలు తీస్తే, 41 మందిలో రెండూ ఒకే మాట చెప్పలేదు.

పైగా భయమొకటి. మా కాలనీలో ఒక పిన్నిగారు షుగరు మనిషి. చుక్క ముట్టని ఇల్లు. "లివరు పాడైందంటే నలుగురూ ఏమనుకుంటారే? పైగా సూది గుచ్చుతారట, నే రాను!" అని నెలలు గడిపేశారు. ఆమెను నడిపించింది రెండో దారే.

2003లో ఫ్రాన్సు నుంచి ఫైబ్రోస్కాన్ వచ్చింది. పక్కటెముకల మధ్య చిన్న పరికరం ఆనించి మెల్లగా తడుతుంది. ఆ అల కాలేయంలో ఎంత వేగంగా పోతే అది అంత గట్టిపడ్డట్టు. పది సార్లు కొలుస్తారు. కోత లేదు, రక్తం లేదు. మూడు గంటలు కడుపు ఖాళీగా ఉంచుకుంటే చాలు. హైదరాబాదులో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే సుమారు 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఉందని 2025లో వెలువడింది. ఎల్బీ నగర్‌లో పొద్దున్నే మెట్రో ఎక్కే మన పిల్లలందరికీ సూదులు గుచ్చగలమా?

అలాగని సూదిని అవతల పారెయ్యకండి. స్థూలకాయం ఉంటే స్కాను తడబడుతుంది. కామెర్లు ముమ్మరంగా ఉన్నా, తినగానే వెళ్లినా లేని గట్టిదనం చూపిస్తుంది. అంతకన్నా ముఖ్యం, ఎంత గట్టిపడిందో చెబుతుందిగానీ ఎందుకో చెప్పదు. ఒంట్లోని రక్షణ శక్తే కాలేయం మీద తిరగబడే జబ్బొకటి ఉంది. అది ఎక్కువగా ఆడవాళ్లకే వస్తుంది. దాన్ని ఖాయం చేయాలంటే ముక్క తీసి చూడాల్సిందే. మందు మారేదీ అక్కడే. కనుక ముందు తట్టించుకోండి. అనుమానం మిగిలితే, డాక్టరు కావాలన్నప్పుడు మెతుకు ఇవ్వడానికి జంకకండి.

అన్నట్టు, గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 2021లో బాటసింగారం తరలిపోయింది. ఆ స్థలంలో టిమ్స్ ఆసుపత్రికి 2022లో శంకుస్థాపన జరిగింది. ఏళ్ల తరబడి కాయల్ని తట్టి బేరమాడిన చోటది. మన ఆడవాళ్లం ఇంటిల్లిపాదికీ ఏరి ఏరి మంచికాయే తెచ్చాం. మన కడుపులో ఉన్న కాయ సంగతి మాత్రం ఒక్కసారీ అడగలేదు. ఇకనైనా అడుగుదాం!