పరిచర్యకు పరీక్ష

రోగికి జరుగు ఉపకారమును గూర్చి మాటలాడునపుడు మనము సాధారణముగా మందులను, శస్త్రచికిత్సలను, పేరుపొందిన వైద్యులను తలచుచుందుము. కాని వైద్యుడు రోగి మంచము కడ నిలుచునది కొన్ని నిమిషములు మాత్రమే. తక్కిన పగలును రాత్రియు ఆ రోగిని కనిపెట్టియుండునది నర్సు. దాహమిచ్చుట, ప్రక్క మార్చుట, ఒడలు తుడుచుట, రేపటి ఆపరేషనును తలచుకొని నిద్రపట్టని వానికి రెండు మాటలు చెప్పుట, ఇవి ఆమె పనులు. దయగల వారెవరైనను చేయగల పనులే కదా, వీనిలో పరిశోధింపదగిన దేమున్నదని లోకము చిరకాలము తలచెను. ఈ పనులలో ఏది రోగికి మేలు చేయుచున్నది, ఏది చేయుటలేదు, ఏది కీడు చేయుచున్నది అను ప్రశ్న ఎట్లు పుట్టినదో, దానికి జవాబు లెట్లు దొరకినవో, దొరకిన జవాబులు వార్డు గడప దాటుట కెంతకాలము పట్టినదో, ఆ చరిత్రలో కొంతభాగమును నేడు మీకు వినిపింపదలచితిని.

క్రిమియా యుద్ధము జరుగుచుండగా, 1854 నవంబరు 4వ తేదీన, ఫ్లారెన్సు నైటింగేలు 38 మంది స్త్రీలను వెంటబెట్టుకొని, నేడు ఇస్తాంబులు అనబడు నగరమున కెదుటి ఒడ్డున నున్న స్కుటారి సైనికాసుపత్రికి చేరెను. చేత దీపము పట్టుకొని రాత్రివేళ పడకల నడుమ తిరుగుచున్న ఆమె చిత్రపటమును మనలో చూడనివారు లేరు. ఆ దీపమును నేను తక్కువ చేయను. అయినను చరిత్రను మార్చినది ఆ దీపము కాదనియు, ఆమె బల్లమీది చిట్టా పుస్తకమనియు నా అభిప్రాయము.

ఆ శీతకాలమున స్కుటారిలో 4,000 మందికి పైగా సైనికులు మరణించిరి. వీరిలో గాయములచేత చనిపోయినవారు కొందరే. తక్కినవారు టైఫసు జ్వరము, కలరా, విరేచనములు మున్నగు వ్యాధులకు గురియైరి. 1855 ఫిబ్రవరిలో మరణములు నూటికి 42 వరకు పెరిగెను. మార్చి మాసమున ఇంగ్లండు ప్రభుత్వము పంపిన ఆరోగ్యసంఘము వచ్చి మురుగుకాలువలను కడిగించి, నీటిదారులను బాగుచేయించి, గోడలకు సున్నము వేయించి, గాలి వచ్చునట్లు కిటికీలు తెరపించెను. జూను నాటికి మరణములు నూటికి సుమారు 2కు దిగెను. ఆసుపత్రి కట్టడమే మురుగుకాలువల మీద నుండెను. ప్రాణము దక్కునని రోగులను తెచ్చిన చోటనే ప్రాణహేతువు కొరవడియుండెనన్నమాట.

యుద్ధకాలమున ఆమె వ్రాసిన లేఖలలో ఆహారము చాలలేదనియు, బట్టలు లేవనియు, సైనికులు డస్సిపోయిన మీదట ఆసుపత్రికి చేరుచున్నారనియు ఫిర్యాదు లెక్కువ. 1856లో స్వదేశమునకు తిరిగివచ్చిన పిమ్మట విలియం ఫార్ అను గణాంకవేత్త సాయముతో మరణముల లెక్కలను నెలవారీగా పరిశీలింపగా, క్రిక్కిరిసిన పడకలును, మురుగును, చెడుగాలియు ఎంతమందిని బలిగొన్నవో ఆమెకు స్పష్టపడెను. ఆ లెక్కలను ఆమె దాచలేదు. వృత్తమును పండ్రెండు ముక్కలుగా కోసి, నెలకొక ముక్క చొప్పున, నివారింపదగిన వ్యాధులకు నీలిరంగును, గాయములకు ఎఱుపును, ఇతర కారణములకు నలుపును వేసి 1858లో అచ్చొత్తించెను. అంకెలు చదువుటకు ఓపికలేని మంత్రులకు సైతము ఆ నీలిరంగు కంటబడక తప్పలేదు. ఆ సంవత్సరమే లండనులోని గణాంకసంఘము ఆమెను సభ్యురాలిగా చేర్చుకొనెను. ఆ సంఘమున స్త్రీలలో ఆమెయే మొదటిది.

ఆమె చూపు మన దేశముమీదను పడెను. ఇచ్చటి బ్రిటిషు సైన్యమున ఏటేట వేయింటికి 69 మంది మరణించుచుండిరని 1863లో వెలువడిన రాజవిచారణసంఘ నివేదిక తేల్చెను. ఆ నివేదికకై వచ్చిన కాగితములను ఆమె స్వయముగా పరిశీలించి తన వ్యాఖ్యలను వ్రాసెను. హిందూదేశమున ఆమె ఒక్కనాడును అడుగుపెట్టలేదు. అయినను ఇచ్చటి దండులలోని నీటితొట్లను గూర్చి, మురుగును గూర్చి, అచ్చటనే యుండిన అధికారులకంటె ఆమెకే ఎక్కువ తెలియునని చెప్పుట సాహసము కాదు.

ఇంతకంటె నాకు గొప్పగా తోచు మరియొక సంగతి కలదు. లండనులోని కింగ్సు కాలేజి ఆసుపత్రిలో మంత్రసానులకు శిక్షణ నిచ్చుటకై ఆమె పూనికతో ఒక ప్రసూతి వార్డు ఏర్పడెను. అందు బాలింతజ్వరము చెలరేగి తల్లులు మరణించుచుండగా 1867లో ఆ వార్డు మూతపడెను. మరియొకరైనచో విచారించి ఊరకుండెడివారు. ఆమె పలుచోట్లనుండి ప్రసూతి మరణముల లెక్కలు తెప్పించి, పోల్చి చూచి, ఇండ్లలో కనిన తల్లులకంటె ప్రసూతి ఆసుపత్రులలో కనిన తల్లులే ఎక్కువగా చనిపోవుచున్నారని 1871లో ఒక గ్రంథము ప్రకటించెను. తాను పోషించిన పనిని తన లెక్కతోనే పరీక్షించుట సామాన్యమైన ధైర్యము కాదు. పరిచర్యను గూర్చిన పరిశోధనకు నిజమైన పునాది ఇదియే యని నేననుకొందును.

ఆ పునాదిమీద గోడలు లేచుటకు మాత్రము చాలకాలము పట్టెను. ఆమె పేరిట నెలకొన్న పాఠశాలలు నర్సులకు శుచిత్వమును, క్రమమును, విధేయతను నేర్పినవి. ప్రశ్నించుట నేర్పినవి అరుదు. చెప్పిన పని చెప్పినట్లు చేయుటయే ఉత్తమ లక్షణమైనచోట, ఆ పనివలన ప్రయోజనమేమని అడుగుట అవిధేయత యగును కదా! నర్సుల పరిశోధనలకే కేటాయింపబడిన ఒక పత్రిక అమెరికాలో 1952లో గాని పుట్టలేదు. 1957లో ఫే అబ్డెల్లా, యూజిను లెవైన్ అనువారు అచ్చటి ఆసుపత్రులలో ఒక క్రొత్త పద్ధతిని వివరించిరి. నేడు మీకు జరుగవలసిన వానిలో ఏది జరుగలేదని రోగుల నడిగి, పనివారినిగూడ అడిగి, ఆ లోపములను లెక్కించుటయే ఆ పద్ధతి. రోగినే సాక్షిగా పిలుచుట అప్పటికి వింత.

ఇంచుమించు ఆ కాలముననే ఇజబెల్ మెంజీసు అను మనస్తత్త్వవేత్త లండనులోని ఒక ఆసుపత్రిలో నర్సుల పనితీరును పరిశీలించి 1960లో తన వ్యాసమును ప్రకటించెను. ఒక నర్సు ఒక రోగిని పూర్తిగా చూచుకొనుట అచ్చట లేదు. ఒకతె అందరికిని నాడి చూచును, ఒకతె అందరి పడకలు సర్దును. రోగిని పేరుతో గాక పడక సంఖ్యతోనో, చెడిన అవయవముతోనో పిలుచుట వాడుక. ఇది కఠినత్వమువలన వచ్చినది కాదని మెంజీసు కనుగొనెను. దినదినమును మృత్యువునకును వేదనకును దగ్గరగా మెలగు యువతులు, ఆ భయమును తట్టుకొనుటకై ఆసుపత్రియే అల్లిన ఒక తెర యది. తెర భయమును మాన్పలేదు సరికదా, రోగిని దూరము చేసెను. చాలమంది విద్యార్థినులు చదువు ముగియకమునుపే మానివేయుచుండిరి.

ఇక పడకపుండ్ల కథ. ఇంట మంచమున పడిన ముసలివారిని చూచుకొన్న ప్రతివారికిని ఇది తెలిసిన బాధయే. కదలలేనివాడు వెల్లకిల పండుకొనియున్నపుడు శరీరభారము నడుముక్రింది యెముకమీదను, మడమలమీదను నిలుచును. ఎముకకును పరుపునకును నడుమ నలిగిన చర్మములో సన్ననాళములు మూసుకొనిపోయి, నెత్తురందక మాంసము చచ్చును. దీనిని మాన్పుటకు ఆసుపత్రులలో స్పిరిటుతో రుద్దుట, సబ్బునీటితో రుద్దుట, నూనెలు, లేపనములు, కోడిగ్రుడ్డు తెల్లసొన మొదలగునవి వాడుకలో నుండెను. ఒక్కొక్క వార్డునకు ఒక్కొక్క మందు. ఆ మందును నమ్మిన హెడ్డునర్సు మారినపుడు మందును మారుచుండెను.

డోరీన్ నార్టన్ అను ఇంగ్లీషు నర్సు, రోడా మెక్లారెను, వృద్ధుల వైద్యమున నిపుణుడైన ఎక్స్‌టన్ స్మిత్ అను వారితో కలసి 250 మంది వృద్ధరోగులను పరిశీలించి 1962లో ఫలితములు ప్రకటించెను. నూటికి 24 మందికి పుండ్లు పడెను. ఎవరికి పడునో ముందుగా తెలియుటకు ఆమె ఒక పట్టిక కల్పించెను: శరీరస్థితి, మనఃస్థితి, నడకశక్తి, పడకలో కదలుశక్తి, మలమూత్రముల అదుపు. ఒక్కొక్కదానికి 4 మొదలు 1 వరకు గుర్తులు. మొత్తము 20 వచ్చినవానికి భయములేదు. 14గాని అంతకు తక్కువగాని వచ్చినచో జాగ్రత్త పడవలెను. కాగితము, పెన్సిలు తప్ప మరేమియు అక్కరలేని ఈ పట్టిక ఎన్నో దేశములకు ప్రాకెను. లేపనముల సంగతి యేమాయెనందురా? వానిలో దేనివలనను చెప్పుకోదగిన ప్రయోజనము కనబడలేదు. వేళ తప్పక రోగి ప్రక్క మార్చుట మాత్రము పనిచేసెను. ఎఱ్ఱబారిన చర్మమును రుద్దుట మేలు చేయకపోవుటయే గాక కీడుగూడ చేయునని తరువాతి కాలమున తేలెను. అయినను స్పిరిటు సీసాలు వార్డులనుండి వెంటనే పోలేదు. చేతికి అలవాటైన పనికి శాస్త్రముతో పనిలేదు కాబోలు.

రోగితో మాటలాడుట చికిత్స యగునా యను ప్రశ్న ఇంతకంటె సూక్ష్మమైనది. 1964లో అమెరికాలోని బోస్టను నగరమున ఎగ్‌బర్టు అను మత్తువైద్యుడును ఆయన సహచరులును కడుపు ఆపరేషను జరుగనున్న 97 మందిని రెండు భాగములు చేసిరి. ఒక భాగమువారికి, ఆపరేషను తరువాత నొప్పి ఎక్కడ కలుగును, ఎందుకు కలుగును, ఊపిరి ఎట్లు తీయవలెను, ప్రక్కకు ఎట్లు తిరుగవలెను అని ముందే చెప్పిరి. రెండవ భాగమువారికి చెప్పలేదు. విన్నవారికి నొప్పి మందు సుమారు సగమే చాలెను. వారు సగటున 2.7 దినములు ముందుగా ఇంటికి పోయిరి. ఎవరికి చెప్పిరో, ఎవరికి చెప్పలేదో శస్త్రవైద్యులకు తెలియదు.

అయితే మేలుచేసినది విషయమా, లేక ఎవరో వచ్చి ఆదరముగా కూర్చుండుటయా? ఈ సందేహమును ఇంగ్లండులో జాకు హేవర్డు అను నర్సు తీర్చెను. 1975లో వెలువడిన ఆయన పరిశోధనలో కొందరికి ఆపరేషనును గూర్చిన వివరములు చెప్పబడెను. తక్కినవారితో అంతే సేపు లోకాభిరామాయణము సాగెను. వివరములు విన్నవారికే నొప్పియు ఆందోళనయు తగ్గెను. 1978లో జెన్నిఫరు బోర్ మరియొక మెట్టెక్కి, వివరములు విన్న రోగుల మూత్రములో భయమునకు గురుతైన రసాయనములు తక్కువగా నుండుటయు, ఆపరేషను తరువాత అంటువ్యాధులు వారికి తక్కువగా సోకుటయు చూపెను. రోగికి చెప్పరాదు, చెప్పిన భయపడును అని మన ఇండ్లలో పెద్దలు గుసగుసలాడుట కలదు. ఆ పెద్దలను నేను నిందింపను. ప్రేమవలననే అట్లు చేయుదురు. కాని చెప్పనందువలన కలుగు భయము మూత్రములోగూడ కనబడునని వారెరుగరు.

దాహమును గూర్చియు ఒక మాట. మత్తులో వాంతియై అది ఊపిరితిత్తులలోనికి పోకుండ, ఆపరేషనునకు ముందు రోగిని పస్తుంచుట న్యాయమే. ఎంతసేపు పస్తుంచవలెను? హామిల్టన్ స్మిత్ అను పరిశోధకురాలు 1972లో ఈ విషయముపై తన పరిశీలనను ప్రకటించి, రోగులు అవసరమునకు మించి ఎన్నో గంటలు నోరెండి యుండుచున్నారనియు, దానికి కారణము వార్డు అలవాటే గాని రోగి అవసరము కాదనియు చూపెను. మధ్యాహ్నము ఆపరేషను జరుగవలసినవానికిగూడ అర్ధరాత్రినుండి నీటిచుక్క లేదన్నమాట. ఆరోగ్యవంతులైన రోగులు రెండుగంటల ముందువరకు తేటనీరు త్రాగవచ్చునని అమెరికా మత్తువైద్యుల సంఘము 1999లో సూచనలు వెలువరించెను. నడుమ గడచినవి 27 సంవత్సరములు.

ఇంతవరకు చెప్పినవన్నియు ఏమి చేయవలెనో తెలిపినవి. చేయుటకు చేతులెన్ని కావలెను? లిండా ఐకెన్ అను నర్సు పరిశోధకురాలు పెన్సిల్వేనియా రాష్ట్రమున 168 ఆసుపత్రులలో, 2,32,342 మంది శస్త్రరోగుల లెక్కలను, 10,184 మంది నర్సుల జవాబులతో జోడించి 2002లో ప్రకటించెను. ఒక్కొక్క నర్సు చూడవలసినవారిలో ఒక్క రోగి అదనమైనకొలది, 30 దినములలో మరణము సంభవించు అవకాశము నూటికి 7 వంతుల చొప్పున హెచ్చుచుండెను. నర్సునకు ఇంతమందికి మించి రోగులుండరాదని కాలిఫోర్నియా రాష్ట్రము 1999లో చేసిన చట్టము 2004లో అమలునకు వచ్చెను.

మన దేశమున 1946 నాటి భోర్ సంఘము జనులలో 43,000 మందికి ఒక్క నర్సు మాత్రమే కలదని లెక్కించెను. అప్పటినుండి నర్సుల సంఖ్య ఎంతో పెరిగినది. నర్సుల విద్యలో పట్టభద్రులును వచ్చిరి, ఎం.యస్సీ. చదువు ఢిల్లీలో 1959లో మొదలయ్యెను. కాని మన ప్రభుత్వాసుపత్రి వార్డులోనికి పోయినవానికి కంటబడునది మరియొకటి కలదు. ప్రతి మంచముక్రిందను ఒక చాప, ఒక ప్లాస్కు, ఒక గిన్నెల సంచి. ప్రక్కన కూర్చున్నది కోడలో, కొడుకో, తల్లియో. రోగికి నీళ్లిచ్చునది, ప్రక్క మార్చునది, మూత్రపాత్ర అందించునది పలుమారు వారే. రెండుగంటల కొకసారి మార్చవలెనని వారికి ఏ నర్సో తీరికచేసుకొని చెప్పినచో మార్చుదురు. లేనిచో, నిద్రించుచున్నవానిని కదుపుట పాపమని ఊరకుందురు. పెన్సిల్వేనియా లెక్కలో నర్సులకు ఒక గడి కలదు, రోగులకు ఒక గడి కలదు. చాపమీద కూర్చున్న ఆ కోడలికి అందు గడి లేదు. ఆ దేశమున ఆమె యవసరము రాలేదు. ఆ గడిని గీయవలసినది మన నర్సులే.