పదహారణాల జీతం

ఇలా వచ్చి కూర్చో నాయనా. ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టు, అందులో ఉన్నది ఎక్కడికీ పోదు. చంటిపిల్ల కాస్త పెద్దదయ్యేదాకా మీ ఇద్దరిలో ఒకరు ఉద్యోగం మానితే ఇల్లు గడుస్తుందా అని నువ్వూ నీ భార్యా రాత్రిళ్ళు లెక్కలేసుకుంటున్నారట. "మీ రోజుల్లో అందరూ ఒక్క జీతం మీదే బతికారుగా తాతయ్యా" అన్నావు. బతికాం. ఎలా బతికామో వింటే గాని నీకు తెలియదు, ఒక్క ముక్కలో తేలే సంగతి కాదది.

ముందు ఆ 'అందరూ' అన్నమాట వెనక్కి తీసుకో. మా తెనాలి పక్క కూలినాలీ చేసుకునే ఇళ్ళలో ఆడవాళ్ళు నాట్లకీ కలుపులకీ వెళ్ళకపోతే పొయ్యి రాజేది కాదు. గట్టు మీద చెట్టుకి చీర ఉయ్యాల కట్టి, పిల్లని అందులో వేసి మడిలోకి దిగేవాళ్ళు. ఒకరు సంపాదిస్తే ఒకరు ఇంటిపట్టున ఉండడమన్నది గుమాస్తాల ఇళ్ళలోనూ పంతుళ్ళ ఇళ్ళలోనూ మాట. మాది పంతులుగారి ఇల్లు.

నాన్నగారికి వంద దాటని జీతం. అదీ ఒకటో తారీఖుకే వస్తుందన్న భరోసా లేదు. వచ్చిన రోజున తెచ్చి దేవుడి గూట్లో పెట్టేసేవారు, అంతటితో ఆయన పెత్తనం సరి. అద్దెకింత, పచారీకొట్టు పద్దుకింత, పాలకింత అని అమ్మ వేరు వేరు పొట్లాలు కట్టేది. నశ్యానికి డబ్బులు కావాలన్నా ఆయన అమ్మనే అడగాలి. అడిగేవారు కూడా, తలుపు చాటున నిలబడి, మాకు వినపడకుండా. మాకంతా వినపడేది.

1957లో నయాపైసలు వచ్చాయి. ఆ గొడవ నీకు చెప్పాలి. రూపాయికి పదహారణాలు, అణాకి ఆరు నయాపైసలు అన్నారు. పదహారు ఆర్లు తొంభై ఆరే కదా, తక్కిన నాలుగూ ఎవరు మింగారని మా వీధి అరుగుల మీద పెద్దమనుషులు పొద్దస్తమానం తగువులాడుకున్నారు. అమ్మ ఆ తగువులోకి వెళ్ళలేదు. అణా సరుకు, అణాన్నర సరుకు తెమ్మనడం మానేసి, ఏది తెప్పించినా పావలాకో అర్ధరూపాయికో తెప్పించడం మొదలుపెట్టింది. నాలుగణాలకి సరిగ్గా పాతిక పైసలు, అక్కడ లెక్క తెగుతుంది. కొట్టువాడికి మిగిలే చిల్లర ఏమీ ఉండదు. పోస్టు కార్డు 5 నయాపైసలున్న కాలంలో పైసా అంటే పైసాయే మరి.

పిండి కొద్దీ రొట్టె అంటారు గాని, మా అమ్మ ఆ పిండిని కూడా పెంచేది. కందిపప్పు కొనేది కాదు. కందులు కొని, వేయించి, తిరగలిలో విసిరేది. పప్పు మనకి, పొట్టూ పరకా పక్కింటి గేదెకి, దానికి మారుగా రోజూ చెంబుడు మజ్జిగ మన గడపకి. వేసవి రాకముందే కొత్త చింతపండు ఏడాదికి సరిపడా తీసుకుని, గింజలు కొట్టి, ఉప్పు వేసి జాడీలో దట్టించేది. పండక్కి ఒకే తానులో గుడ్డ చింపించి అన్నదమ్ములందరికీ చొక్కాలు కుట్టేది. మేం బజారులో నడుస్తుంటే బ్యాండు మేళం వాళ్ళమనుకునేవారు. నాన్నగారి కాలరు చిరిగితే ఊడదీసి, లోపలి వైపు పైకి వచ్చేలా తిప్పి కుట్టేది. ఇంకో ఏడాది గడిచేది.

ఇంతలోనే మా ఇంట్లో మంగళవారం ఒక వారాలబ్బాయి తినేవాడు. నీకు తెలియదు కదూ. ఊరుగాని ఊరొచ్చి చదువుకునే బీదపిల్లవాడికి వారంలో ఒక్కో రోజు ఒక్కో ఇంట్లో భోజనం. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన, అంతే. ఆ అబ్బాయికి మొదట వడ్డించాకే మాకు వడ్డించేది. వాడు మొహమాటపడతాడని మమ్మల్ని ఆ పూట మారు అడగొద్దని ముందే హెచ్చరించేది.

1965లో లాల్ బహదూర్ శాస్త్రిగారు సోమవారం రాత్రి భోజనం మానమన్నారు. హోటళ్ళు కూడా ఆ పూట మూసేవారు. మా వీధిలో ఒకాయన దేశం కోసం రాత్రి మానేవాడు, మధ్యాహ్నం రెండు పూటలదీ కలిపి లాగించి సాయంత్రం దాకా గుర్రుపెట్టేవాడు. అమ్మ మాత్రం ఆ పూట బియ్యం విడిగా ఒక డబ్బాలో పోసేది. అవి వారాలబ్బాయి మంగళవారానికి.

ఎక్కడున్నాం? ఆఁ, లెక్క. 1961లో జనాభా లెక్కలకి పంతుళ్ళనే తిప్పారు. నాన్నగారు మా వీధంతా రాసుకుంటూ మా ఇంటికొచ్చి, మా వసారాలోనే కూర్చుని కాగితం నింపారు. ఎదురుగా అమ్మ తిరగలి తిప్పుతోంది. ఆయన రాసింది ఏమిటో తెలుసా? పనిచేయని వ్యక్తి, ఇంటిపని. తప్పు ఆయనది కాదు, కాగితంలో ఆమెకున్న చోటు అదొక్కటే. నేను పక్కనే కూర్చుని చదివాను. ఇప్పటికీ తలుచుకుంటే నాకు కోపం వస్తుంది. ఆ ఇంట్లో రెండు సంపాదనలుండేవి నాయనా, ఒకదానికే జీతమని పేరు. ఆవిడ పోయేనాటికి ఆవిడ పేరున పోస్టాఫీసు పుస్తకం కూడా లేదు.

2023లో మద్రాసు హైకోర్టు ఒక కేసులో తీర్పు చెప్పింది. భర్త సౌదీలో సంపాదించి పంపాడు, భార్య ఇక్కడ ఇల్లు నడిపి పిల్లల్ని పెంచింది. కొన్న ఆస్తిలో ఆమెకీ సమాన వాటా ఉందన్నారు. పేపర్లో చదివి ఆ పేజీ దాచుకున్నాను. మా అమ్మకి చదివి వినిపించలేకపోయాను.

సరే, నీ సంగతికొస్తాను. ఉద్యోగం మానేది నువ్వేనట కదా? మీ అత్తగారు ముక్కున వేలేసుకుందని విన్నాను, వేసుకోనీ. పిల్లకి తండ్రి చేతి గోరుముద్ద చేదా? కాకపోతే మానేముందు మూడు నెలలు ఒక్క జీతంతోనే ఇల్లు నడపండి, రెండో జీతం ముట్టుకోకుండా బ్యాంకులో పడెయ్యండి. ఎక్కడ చిరుగుతుందో అప్పుడే కనిపిస్తుంది. అప్పు చేసి పప్పుకూడు తినే పని మాత్రం పెట్టుకోకండి. మాకు కందులు విసరడంలో మిగిలింది మీకు విసిరితే మిగలదు, మీ డబ్బంతా ఇంటి వాయిదాకీ కారు వాయిదాకీ పోతోంది. తగ్గించాల్సింది అక్కడ. పాలప్యాకెట్టు దగ్గర బేరాలాడితే ఏం లాభం?

ఇంకొకటి, ఇంటిపట్టున ఉండేవాళ్ళ పేరున వేరే ఖాతా ఒకటి తెరవండి. నువ్వు మానితే నీ పేరున, రేపు మీ ఆవిడ మానితే ఆవిడ పేరున. నెలనెలా జీతం పడిన రోజునే, అద్దెకీ వాయిదాలకీ ముందే అందులో కొంత వెయ్యాలి. అడగనివ్వకుండా వెయ్యాలి. తలుపు చాటున నిలబడి అడిగే పని మీ ఇద్దరిలో ఎవరికీ ఉండకూడదు.