గ్లాసెడు నీళ్ళ డెమో

సస్టెయినబిలిటీ అన్న మాట మన ఆఫీసుల్లో ఈ మధ్య బాగా నలుగుతోంది. ప్రతి కంపెనీకీ ఒక రిపోర్టు, దాని అట్ట మీద ఒక ఆకుపచ్చ ఆకు బొమ్మ :). నీళ్ళున్న ప్రతి ఊళ్ళోనూ ఒక వాటర్ ఫ్రంట్ ప్రాజెక్టు. ఈ మాట వెనక ఉన్న చరిత్ర తెలియాలంటే మాత్రం రిపోర్టుల కన్నా పాత డాక్యుమెంటరీలు నయం అని నా అభిప్రాయం. ముఖ్యంగా ఒకే తీరం మీద ఒకే మనిషి 1965 నుంచి 2004 దాకా తీసుకుంటూ పోయినవి. తీరం జపాన్ లోని మినమాటా, మనిషి నొరియాకి సుచిమోతో (1928-2008).

మినమాటా అంటే పాదరసం, జబ్బు అని మనం ఎక్కడో చదివే ఉంటాం. ఊరి సంగతి మాత్రం తక్కువమందికి తెలుసు. క్యూషూ దీవిలో కుమమోటో ప్రాంతంలో సముద్రం ఒడ్డున చిన్న పట్నం. 1908లో అక్కడ కార్బైడ్ ఫ్యాక్టరీ పెట్టారు. తర్వాత చిస్సో అన్న పేరుతో తెలిసింది ఆ కంపెనీయే. ఊళ్ళో సగం బతుకు దాని మీదే. 1932లో పాదరసం ఉత్ప్రేరకంగా ఎసిటాల్డిహైడ్ తయారీ మొదలైంది. ఆ పద్ధతి కనిపెట్టిన హషిమోతో అనే ఆయన ఆ ఫ్యాక్టరీకి మేనేజరయ్యాడు, తర్వాత ఆ ఊరికే మేయరూ అయ్యాడు. అంటే కోడు రాసినవాడే ఆడిటరు కూడా అన్నమాట!

వాడేసిన నీళ్ళు నేరుగా సముద్రపు పాయలోకి పోయేవి. ముందు పిల్లులు గంతులేసి చచ్చిపోయాయి. తర్వాత మనుషులకి చేతులు వణకడం, చూపు కుంచించుకుపోవడం, మాట పడిపోవడం మొదలైంది. 1956 మే 1న ఫ్యాక్టరీ ఆస్పత్రి డాక్టరు హజిమే హొసొకావా, కారణం తెలియని నరాల జబ్బు వస్తోందని అధికారులకి తెలియజేశాడు. చేపలు తినేవాళ్ళకే వస్తోందని త్వరలోనే తేలింది. మరి చేపల అమ్మకం ఆపొచ్చుగా? 1957లో స్థానిక ప్రభుత్వం అదే అడిగితే, అక్కడి చేపలన్నీ విషమేనని రుజువు లేదు కాబట్టి చట్టం వర్తించదని కేంద్రం నుంచి జవాబొచ్చింది. 1958లో కంపెనీ పైపుని పాయ వైపు నుంచి నది మొగ వైపు తిప్పింది. జబ్బు అటువైపు ఊళ్ళకీ పాకింది. ఒక చోట బగ్ వస్తోందని దాన్ని ఇంకో సర్వర్ కి తోలెయ్యడం లాంటిదే ఇది.

1959లో రెండు విషయాలు జరిగాయి. మనలాంటి వాళ్ళం ఆగి చదవాల్సింది ఇక్కడే. హొసొకావా ప్లాంటు నుంచి వచ్చే నీళ్ళు తిండిలో కలిపి ఒక పిల్లికి పెడుతూ వచ్చాడు. ఆయన లెక్కలో అది 400వ పిల్లి. అక్టోబర్ లో దానికి అవే లక్షణాలు వచ్చాయి. కంపెనీ ఆ ప్రయోగాల్ని ఆపించింది, ఫలితం బయటికి రాలేదు. ఆయన ఆ సంగతి కోర్టుకి చెప్పింది 1970లో, ఆస్పత్రి మంచం మీద నుంచి. అదే ఏడాది చనిపోయాడు.

రెండోది సైక్లేటర్. మురికినీళ్ళని శుద్ధి చేసే యంత్రం అని చెప్పి 1959 డిసెంబర్ లో ఆర్భాటంగా ప్రారంభించారు. కంపెనీ అధ్యక్షుడు అందరి ముందూ ఒక గ్లాసెడు నీళ్ళు తాగి చూపించాడు. సమస్య తీరిపోయిందని జనం, పత్రికలు, ప్రభుత్వం అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తీరా చూస్తే ఆర్గానిక్ పాదరసాన్ని తీసెయ్యడం అన్నది ఆ యంత్రం స్పెసిఫికేషన్ లోనే లేదని కోర్టుల్లో బయటపడింది. అంత గొప్ప డెమో ప్రపంచంలో ఇంకోటి ఉండదేమో. విషం 1968 దాకా అలాగే పోయింది. ఆ ఏడాది మే నెలలో పాత పద్ధతి ఎలాగూ ఆగిపోయింది. కారణం చిస్సోయేనని ప్రభుత్వం ఒప్పుకున్నది ఆ తర్వాత, సెప్టెంబర్ లో.

ఇప్పుడు సినిమాల దగ్గరికి వద్దాం. సుచిమోతో 1965లో టీవీ కోసం మొదటిసారి అక్కడికి వెళ్ళాడు. తన బిడ్డని తియ్యొద్దని ఒక తల్లి అతని మీద విరుచుకుపడింది. ఆ దెబ్బకి అసలు కెమెరా పట్టుకునే హక్కు తనకుందా అన్న సందేహంలో పడ్డాడు. 1970లో మళ్ళీ వెళ్ళినప్పుడు నెలల తరబడి అక్కడే ఉండి, వాళ్ళ మధ్య తిరుగుతూ తీశాడు. అదే 1971లో వచ్చిన 'మినమాటా: రోగులు, వాళ్ళ లోకం'. నిడివి 2 గంటల 47 నిమిషాలు.

ఈ సినిమాలో నాకు బాగా నచ్చింది ఆస్పత్రి దృశ్యాలు కాదు. ఒక ముసలాయన నడుంలోతు నీళ్ళలో దిగి ఆక్టోపస్ లు పడతాడు. దొరికినదాన్ని రెండు కళ్ళ మధ్య పంటితో కొరికి చంపి మొలకి తగిలించుకుంటాడు. మళ్ళీ తల నీళ్ళలోకి వంచుతాడు. అంతే, చాలాసేపు అదే. మొదట ఇదెందుకు చూపిస్తున్నాడు అనిపిస్తుంది. తర్వాత అర్థమవుతుంది. "విషమని తెలిసీ ఎందుకు తిన్నారు?" అని దూరాన కూర్చుని మనం వేసే ప్రశ్నకి జవాబు అది. వాళ్ళకి సముద్రం వ్యూ కాదు, వంటగది. రోగుల్ని రోగులుగా మాత్రమే చూపిస్తే మనకి జాలి కలుగుతుందేమో గానీ, పోయిందేమిటో తెలియదు.

అదే సినిమా చివర్లో 1970 నవంబర్ నాటి ఒసాకా వాటాదార్ల సమావేశం వస్తుంది. రోగులు తలా ఒక షేరు కొని, యాత్రికుల తెల్లబట్టలు కట్టుకుని వెళ్ళారు. చనిపోయిన అమ్మానాన్నల పేర్లున్న ఫలకాలు పట్టుకుని ఒకామె వేదిక మీద అధ్యక్షుడి ముఖంలో ముఖం పెట్టి అడుగుతుంది. ఒక్క షేరుతో ఇంత పని చెయ్యొచ్చని నాకు ఏ ట్రేడింగ్ యాప్ చెప్పలేదు :). 1973 మార్చిలో కోర్టు కంపెనీదే తప్పని తేల్చింది. ఇక ముందు ఏమీ అడగమని 1959లో రాయించుకున్న ఒప్పందం కూడా చెల్లదంది.

చాలామంది దర్శకులు ఇక్కడితో సర్దుకుని వెళ్ళిపోయేవారు. ఈయన వెళ్ళలేదు. 1975లో 'షిరనుయి సముద్రం' తీశాడు. అందులో కడుపులో ఉండగానే విషం సోకిన ఒక అమ్మాయి, ఆపరేషన్ చేస్తే తన తల బాగవుతుందా అని డాక్టర్ మసజుమి హరదని అడుగుతుంది. ఇద్దరూ సముద్రం ఒడ్డున కూర్చుని ఉంటారు, కెమెరా దూరంగా వెనక ఉంటుంది. డాక్టర్ దగ్గర జవాబు లేదు. 1965లో ఆ తల్లి తిట్టిన తిట్టు ఎక్కడ పనిచేసిందో ఆ దూరం చూస్తే తెలుస్తుంది. 1977లో ఆ సినిమాల్నే మోసుకుని సముద్రం చుట్టూ ఉన్న పల్లెలకి వెళ్ళి వేసి చూపించాడు. జబ్బు పేరు పైకి చెప్పుకోడానికే జంకే ఊళ్ళవి. ఊళ్ళో చేపలు అమ్ముడుపోవని, పిల్లలకి సంబంధాలు రావని భయం.

ఇక తీరం సంగతి. 1977 నుంచి 1990 దాకా అడుగున ఉన్న పాదరసం బురద తవ్వి, పాయలో ఒక భాగాన్ని ఉక్కు గోడలతో కట్టి పూడ్చారు. విషమెక్కిన చేపల్ని డ్రముల్లో పెట్టి అందులోనే పాతేశారు. ఖర్చు దాదాపు 4,850 కోట్ల యెన్ లు. 58 హెక్టార్ల కొత్త నేల వచ్చింది. ఇప్పుడు దాని మీద గులాబీ తోట, ఆటస్థలాలు, రోగులు, వాళ్ళ తోటివాళ్ళు చెక్కిన చిన్న చిన్న రాతి బొమ్మలు ఉన్నాయి. దాని పేరు ఎకో పార్క్. వెటకారానికి అనట్లేదు, ఆ ఊరు నిజంగానే మారింది. 1993 నుంచి చెత్తని ఇరవై దాకా రకాలుగా వేరుచేస్తోంది. 2013లో పాదరసం మీద అంతర్జాతీయ ఒప్పందానికి ఆ ఊరి పేరే పెట్టారు, 2018లో మన దేశం కూడా అందులో చేరింది.

కానీ "ఎవరు రోగి?" అన్న ప్రశ్న మూసుకోలేదు. కుమమోటో, కగొషిమా రెండు ప్రాంతాల్లో ప్రభుత్వం గుర్తించింది 2,280 పైచిలుకు మందినే. 2023 సెప్టెంబర్ లో ఒసాకా కోర్టు, దావా వేసిన 128 మందీ బాధితులేనని తీర్పిచ్చింది, ప్రభుత్వం అప్పీలుకి వెళ్ళింది. 2024 మే 1న సంస్మరణ కార్యక్రమం తర్వాత పర్యావరణ మంత్రితో బాధితుల సమావేశం జరిగింది. మనిషికి మూడు నిమిషాలు. 82 ఏళ్ళాయన చనిపోయిన తన భార్య గురించి చెప్తున్నాడు. మూడు నిమిషాలు దాటగానే అధికారులు మైకు ఆపేశారు. టైము దాటితే ఆపాలని వాళ్ళ కార్యక్రమ పత్రంలోనే రాసి ఉందట. గొడవ పెద్దదయ్యాక వారానికి మంత్రి మళ్ళీ మినమాటా వచ్చి ఆయనకి క్షమాపణ చెప్పాడు.