దాత పేరు, రైతు శిస్తు

విశ్వవిద్యాలయాలకు దానమిచ్చినవారిని గురించి వ్రాసేటప్పుడు మన చరిత్రకారులలో చాలామంది దాత ఔదార్యంతో మొదలుపెట్టి, ఆ ఔదార్యంతోనే ముగిస్తారు. ఆ ధనం దాత చేతికి ఎక్కడినుంచి వచ్చిందని అడగడం వారికి అమర్యాదగా తోస్తుంది. ఆ ప్రశ్న వేయనిదే చరిత్ర పూర్తికాదని నా అభిప్రాయం. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతంనుంచి చూస్తే ఈ ప్రశ్న ఇంకా సూటిగా తగులుతుంది.

ఉస్మానియా విశ్వవిద్యాలయాన్నే తీసుకుందాం. 1917లో ఫర్మానా వెలువడింది. 1918లో విశ్వవిద్యాలయం ఏర్పడింది. దానికి ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు పెట్టారు. పేరు ప్రభువుది, ఖర్చు ప్రభుత్వ ఖజానాది. ఆ ఖజానాను ప్రధానంగా నింపినవి భూమిశిస్తు, ఆబ్కారీ. మెదకు జిల్లా రైతు పంట పండినా ఎండినా కట్టిన శిస్తు, కల్లు గీసేవాని చెమటమీద గుత్తేదారు ద్వారా రాబట్టిన పన్ను అందులో ఉన్నాయి. జిల్లాకు ముఖ్యపట్టణమైన సంగారెడ్డి కచేరీకి చేరిన పైకంలో ఎవరి వాటా ఎంతో ఏ శిలాఫలకమూ చెప్పదు.

ఇక నిజాం స్వంత సంపద. 1937లో అమెరికాలోని టైమ్ పత్రిక ఆయనను లోకంలోకెల్లా ధనవంతుడని ముఖచిత్రం వేసింది. విశ్వభారతికీ, కాశీ, అలీగఢ్ విశ్వవిద్యాలయాలకూ ఆయన విరాళాలిచ్చిన మాట నిజమే. అయితే రాజ్యంలోని భూమిలో సుమారు పదోవంతు సర్ఫేఖాస్, అనగా ప్రభువు స్వంత ఖర్చులకు ప్రత్యేకించిన భూమి. రాజధాని చుట్టూ ఉన్న అత్రాఫె బల్దా అందులోదే. పైగా జాగీర్దార్లూ ఉద్యోగులూ సమర్పించే నజరానాలు. జాగీర్దారు నజరానా సొమ్మును తన పెరట్లో పండించలేదు గదా! అధికారి ఊరికి వస్తే చాకలి, కుమ్మరి, మాదిగ కూలి లేకుండా చేసిన వెట్టి ఏ ఖాతాలోనూ జమ పడలేదు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఇంగ్లీషు లేనిదే పై చదువు లేదనుకునే కాలంలో ఉస్మానియా ఉర్దూలో సైన్సునూ న్యాయశాస్త్రాన్నీ బోధించింది. అందుకోసం అనువాదశాఖ నెలకొల్పారు. దేశభాషకు ఆ శక్తి ఉందని నిరూపించడం చిన్న సంగతి కాదు. కాని రాజ్యంలో దాదాపు సగంమంది మాతృభాష తెలుగు. ఉర్దూ మాతృభాషగా గలవారు పదిమందిలో ఒకరికి అటూఇటూ. శిస్తు కట్టిన రైతు కొడుక్కి తన భాషలో ఆ గడప దాటే వీలులేదు. 1930లో ఆంధ్ర మహాసభ తొలిసారి సమావేశమైంది ఈ సంగారెడ్డి ప్రాంతపు జోగిపేటలోనే. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. మాతృభాషలో చదువు కావాలన్న కోరిక ఆ ఉద్యమానికి ఊపిరి.

1949లో సర్ఫేఖాస్ ప్రభుత్వంలో విలీనమైంది. అదే ఏడు జాగీర్లూ రద్దయినాయి. విశ్వవిద్యాలయం పేరు మాత్రం నిలిచింది. దాన్ని తుడిచివేయమని నేననడంలేదు. ఆ పేరు వెనుక ఉన్నవారిని కూడా లెక్కలోకి తీసుకొమ్మంటున్నాను.

ఇది గడచిపోయిన కథ అనుకుంటే పొరబాటు. సంగారెడ్డి పక్కన కందిలో నేడు ఐఐటీ ఉంది. పటాన్‌చెరులో 1970ల నుంచి ఫ్యాక్టరీలు పెరిగాయి. ఈ ప్రాంతపు కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలయింది. వ్యర్థజలాల శుద్ధికి పెట్టవలసిన ఖర్చు పెట్టకపోతే ఆ సొమ్ము లాభంగా మిగులుతుంది. ఆ ఖర్చును నక్కవాగు ఒడ్డు రైతు తన బావినీ పొలాన్నీ పోగొట్టుకొని చెల్లిస్తాడు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో రెండు శాతం సామాజిక కార్యాలకు వెచ్చించాలి, విద్యకూ ఇవ్వవచ్చు. అలా వచ్చిన సొమ్ముతో లేచే భవనంమీద ఎవరి పేరు ఉండాలి?

కృతజ్ఞత మంచి గుణమే. దాన్ని చిరునామా తెలుసుకొని పంపాలి. నిజాం కాలపు దివానీ దఫ్తరాలు ఉస్మానియా పక్కనే, తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారంలో ఉన్నాయి. చరిత్ర విద్యార్థులు ఒక్కొక్క తాలూకా జమాబందీ విప్పి, తమ తరగతిగదులకు ఇటుకలు ఇచ్చినవారెవరో వెలికితీయాలి. ఆ పని విశ్వవిద్యాలయానికి అపచారం కాదు. విశ్వవిద్యాలయం ఉన్నదే అందుకు.