కుక్కపిల్లలు అమ్మాలన్నా రిజిస్ట్రేషన్ కావాలి: అమలు ఎలా?

2017 మే 23 అనగానే మన ఖురేషీ బిరాదరీకి పశువుల సంతల నోటిఫికేషనే గుర్తొస్తుంది. హైదరాబాద్‌కు చెందిన ఆలిండియా జమీయతుల్ ఖురేష్ యాక్షన్ కమిటీ దానిపై సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ జూలైలో స్టే దేశమంతటికీ వర్తించింది. అయితే కేంద్ర పర్యావరణ శాఖ అదే తేదీతో ఇంకో నోటిఫికేషన్ కూడా ఇచ్చింది. అది కుక్కల పెంపకం, అమ్మకం గురించి. దానిపై అప్పట్లో పెద్దగా గొడవ జరగలేదు.

పొలానికో, మేకల మందకో కాపలాగా కుక్కను పెంచుకునేవాళ్లకు దీంతో పని లేదు. జాతి కుక్కల్ని పెట్టుకుని పిల్లల్ని అమ్మేవాళ్లు, మధ్యలో ఉండే బేరగాళ్లు మాత్రం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ కావాల్సిందే. ఫీజు 5,000 రూపాయలు, గడువు 2 ఏళ్లు. బోర్డు తనిఖీ చేయించాకే సర్టిఫికెట్ ఇస్తుంది. దాన్ని అందరికీ కనిపించేలా గోడకు తగిలించాలి.

18 నెలలు నిండని ఆడకుక్కను దాటించకూడదు. ఏడాదికి ఒక్క ఈతే, జీవితంలో 5 ఈతలకు మించకూడదు, 8 ఏళ్లు దాటితే ఇక ఆపేయాలి. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. టీకాలు వేయించి, మైక్రోచిప్ పెట్టించి, రసీదు రాసి ఇవ్వాలి.

తనిఖీకి వచ్చినవాళ్లు బోన్ల కంటే ముందు రిజిస్టర్లు అడగాలని నా అభిప్రాయం. కామర్స్ చదివినవాడిని కదా! ఈతల లెక్కకూ అమ్మకాల లెక్కకూ పొంతన లేకపోతే తప్పు అక్కడే బయటపడుతుంది.

శిక్ష సంగతే విచిత్రం. ఈ నిబంధనలకు మూలమైన 1960 జంతు హింస నివారణ చట్టం ప్రకారం, నిబంధన ఉల్లంఘిస్తే జరిమానా 100 రూపాయలకు మించదు. 3 నెలల వరకు జైలు వేయొచ్చు, లేదా రెండూ. ఫీజు 5,000, జరిమానా 100! లెక్క చూసుకునే వ్యాపారి ఏది ఎంచుకుంటాడో చెప్పనక్కర్లేదు. అధికారుల చేతిలో అసలు ఆయుధం జరిమానా కాదు. రిజిస్ట్రేషన్ రద్దు చేయడం, కుక్కల్ని స్వాధీనం చేసుకోవడం. ఒక్క పిల్ల వేలల్లో పలికే వ్యాపారంలో భయపెట్టేది అదొక్కటే.

మా వాడపల్లివాళ్లకు ఇంకో చిక్కుంది. మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేటల్లో కొంటే ఫిర్యాదు తెలంగాణ బోర్డుకు వెళ్తుంది. కృష్ణ వంతెన దాటి పొందుగలలో కొంటే అది ఆంధ్రప్రదేశ్ బోర్డు పరిధి. డబ్బులిచ్చే ముందే రిజిస్ట్రేషన్ నంబరు ఏ రాష్ట్రానిదో చూడండి, రసీదు మీద అదే నంబరు రాయించుకోండి.