అక్షరసాధనమొకదాని భాషాపరివర్తనము

ప్రాచీనకావ్యపరిష్కర్త మూలమును జెఱుపక పాఠభేదములను వేఱుగఁ జూపును. గణనయంత్రములకై రచింపఁబడిన గ్రంథములందును ఈ మర్యాద పాటింపఁబడినది.

స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయాచార్యుఁడగు డోనాల్డ్ కనూత్, టెక్ అను ముద్రణవిధానమును 1982లో వెబ్ పద్ధతిని పునారచించెను. ఈ పద్ధతిలో పాస్కల్ విధులును, వానివ్యాఖ్యానమును ఒకే గ్రంథమున నుండును. టాంగిల్ అను సాధనము విధులను మాత్రము వేఱుపఱచును. కనూత్ రచించిన మెటాఫాంట్ అక్షరములను చుక్కలుగాఁ బఱచును. ఆ ఫైళ్లను గుదించుటకై టోమాస్ రొకికి 1985లో జీఎఫ్‌టుపీకే అను సాధనమును వెబ్‌లోనే రచించెను.

అయితే ఫైళ్లను దెఱచుటలో, బైట్లను జదువుటలో పాస్కల్ కంపైలర్ల తీరులు భిన్నములు. యూనిక్సు యంత్రములందు సీ భాషయే సర్వత్ర లభించునది. కాఁబట్టి 1987లో రొకికియే వెబ్ గ్రంథములను యంత్రముచేతనే సీలోనికి మార్చు విధానము నారంభించెను. టిమ్ మోర్గన్, కార్ల్ బెర్రీ దానిని బెంపొందించిరి. జీఎఫ్‌టుపీకేయు నీత్రోవనే సీలోనికి వచ్చెను.

ఇందు మూలము ముట్టఁబడదు. మార్పులన్నియు వేఱొక ఫైలున నుండును: మొదట మూలపంక్తులు, పిమ్మట వానికి బదులు పంక్తులు. ఆ మూలపంక్తులలో నొకటి మాఱినను, జత కుదరలేదని టాంగిల్ హెచ్చరించును.

చేతితో సీలోఁ దిరుగ వ్రాయుట సులభమని తోఁపవచ్చును. అట్లైన మూలమునఁ దిద్దిన ప్రతిదోషమును రెండవచోటను దిద్దవలెను. మఱచినచో ఒకే లిపి రెండుచోట్ల రెండు రూపములఁ దాల్చును. మెటాఫాంట్‌తోఁ జేయఁబడిన తెలుఁగులిపులును గలవు. పకారఫకారముల భేద మొక చిన్నగీటు; అది చెడినచో పదమే మాఱును. భాష మాఱినను మూలము నిలిచినందుననే యక్షరము నిలిచినది.