కడపలో పుట్టిన సురభి.. ఫోన్ లేని రోజుల్లోనే ఇన్ని తరాల అభిమానులను ఎలా నిలబెట్టుకుంది? పూర్తి వివరాలు ఇవే!

ఇప్పుడు ఏ మ్యూజిక్ బ్యాండ్ టూర్‌కు బయల్దేరినా ముందు ఇన్‌స్టాలో డేట్లు పడతాయి. ఆ తర్వాత టికెట్ లింకులు, రీల్స్, లైవ్‌లు. షో అయిపోయి బ్యాండ్ ఇంకో ఊరికి వెళ్లిపోయినా అభిమానులతో మాట మాత్రం ఆగదు. మరి ఇవేవీ లేని రోజుల్లో ఊరూరూ తిరిగే కళాకారులు తమ అభిమానులను ఎలా కాపాడుకున్నారు?

దీనికి సమాధానం మన రాయలసీమలోనే ఉంది. కడప జిల్లాలోని ఓ చిన్న ఊళ్లో 1885లో మొదలైన సురభి నాటక సమాజం ఇప్పటికీ ఆడుతూనే ఉంది. ఇంతకీ సురభి అంటే ఏంటి? జనంతో దానికి ఆ బంధం ఎలా కుదిరింది? ఇప్పుడు ఆ బంధం ఎందుకు పలుచబడుతోంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

జనం అడిగితే పుట్టిన సమాజం

సురభి అనేది ఓ ఊరి పేరు. కడప జిల్లా చక్రాయపేట మండలంలో ఉంది. అక్కడ నాటకానికి ఆద్యుడు వనారస గోవిందరావు. ఆయన కుటుంబం మూలాలు మరాఠా ప్రాంతానివి. తోలుబొమ్మలాట వాళ్ల కులవృత్తి. తెర వెనక నిలబడి బొమ్మలు ఆడించడం, పద్యం పాడటం, గొంతు మార్చి మాట్లాడటం వాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య.

1885లో ఆ ఊళ్లో ఓ పెళ్లి సందర్భంగా వాళ్లు బొమ్మలు పక్కన పెట్టి తామే వేషాలు కట్టారు. ఆడిన నాటకం కీచక వధ. జనానికి అది తెగ నచ్చింది. ఊరి పెద్దల ప్రోత్సాహంతో నాటకమే బతుకుదెరువైంది. అంటే ఈ సమాజం పుట్టుకలోనే ప్రేక్షకుల చేయి ఉందన్నమాట.

అలా బయల్దేరిన వాళ్లు ఎక్కడికి వెళ్లినా ఆ ఊరి పేరే చెప్పుకున్నారు. తర్వాత అదే వాళ్ల ఇంటి పేరైపోయింది. సురభి కమలాబాయి, సురభి బాలసరస్వతి, సురభి బాబ్జీ.. ఇలా మనకు తెలిసిన పేర్లన్నీ ఆ పల్లె పేరుతోనే మొదలవుతాయి.

ఆడవేషం ఆడవాళ్లే వేశారు

ఆ రోజుల్లో తెలుగు నాటకాల్లో స్త్రీ పాత్రలు ఎక్కువగా మగవాళ్లే వేసేవారు. సత్యభామ పాత్రతో పేరు తెచ్చుకుని 1956లో పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావు దీనికి గొప్ప ఉదాహరణ. సురభిలో మాత్రం ఇంట్లో ఆడవాళ్లే ఆ పాత్రలు వేశారు. ఎందుకంటే ఇది ఓ కుటుంబం. తాత హార్మోనియం దగ్గర, తండ్రి వేషంలో, తల్లి వేషంలో, పిల్లలు బాలకృష్ణుడిగానో, లవకుశులుగానో వేదిక మీద ఉంటారు. కుటుంబం పెరిగినకొద్దీ కొత్త సమాజాలు ఏర్పడ్డాయి. మంచి రోజుల్లో ఇవి ముప్పైకి పైగా ఉండేవి.

చూసే జనానికి కూడా ఇది దగ్గరి విషయమే. చిన్న వేషాలు వేసిన పిల్ల కొన్నేళ్లకు అదే ఊరికి హీరోయిన్‌గా తిరిగొచ్చేది. ‘ఆ అమ్మాయి ఇంత పెద్దదైందా’ అని చూడ్డానికే వెళ్లేవాళ్లు ఉండేవారు.

క్యాంప్.. అసలు రహస్యం ఇదే

ఇప్పటి బ్యాండ్ ఓ ఊళ్లో ఒక్క రాత్రి ఆడి వెళ్లిపోతుంది. సురభి పద్ధతి వేరు. ఓ ఊరికొస్తే ఖాళీ స్థలం చూసుకుని తాత్కాలికంగా రంగస్థలం వేసుకునేవారు. చుట్టూ రేకులు, లోపల వేదిక, రంగుల తెరలు, వెనక కళాకారుల కాపురాలు. అక్కడే వంట, అక్కడే నిద్ర, అక్కడే రిహార్సల్. జనం వచ్చినన్ని రోజులు, ఒక్కోసారి నెలల తరబడి అక్కడే ఉండిపోయేవారు.

దీనికి లెక్కలు కూడా కారణమే. తెరలు, సెట్టింగులు, లైట్లు, రేకులు అన్నీ బండ్లకెత్తి ఓ ఊరికి చేర్చాలంటే బోలెడు ఖర్చు. రెండు మూడు రోజుల వసూళ్లతో అది తీరదు. కాబట్టి ఎక్కువ రోజులుండాలి. ఎక్కువ రోజులుండాలంటే రోజుకో నాటకం మార్చాలి. మాయాబజార్, లవకుశ, భక్త ప్రహ్లాద, బాలనాగమ్మ, పాతాళభైరవి, శ్రీకృష్ణ లీలలు, వీరబ్రహ్మంగారి చరిత్ర.. ఇలా ఎన్నో నాటకాలు అందరికీ కంఠతా వచ్చి ఉండాలి.

ఇలా ఉండటం వల్ల ఆ ఊళ్లో వాళ్లూ ఓ భాగమైపోయేవారు. పగలు అంగట్లో ఉప్పూపప్పూ కొనే మనిషే రాత్రికి రావణుడు. బావి దగ్గర నీళ్లు చేదుకునే ఆమే రాత్రికి చంద్రమతి. ఏ నాటకం బాగుందో, ఏది తేలిపోయిందో అంగడి దగ్గరే తెలిసిపోయేది. అభిమానుల అభిప్రాయం కోసం ప్రత్యేకంగా వెతకాల్సిన పని ఉండేది కాదు.

ప్రచారం ఎలా చేసేవారు?

* కరపత్రాలు: ఈ రోజు ఏ నాటకం, ఎన్ని గంటలకు, టికెట్ ఎంత అన్నది చిన్న కాగితం మీద అచ్చు వేసి పంచేవారు. పిల్లలు వాటి కోసం బండి వెనక పరుగులు పెట్టేవారు.
* బండి, మైకు: మొదట్లో బండి మీద వాయిద్యాలతో, తర్వాత రిక్షాలో, ఆటోలో మైకు పెట్టి వీధి వీధికీ చెప్పేవారు.
* రేపటి నాటకం: ఈ రోజు ఆట మధ్యలోనో, చివర్లోనో రేపు ఏం ఆడతారో వేదిక మీద నుంచే చెప్పేవారు. సీరియల్ చివర్లో ‘రేపటి భాగంలో’ అని చూపించడం లాంటిదే ఇది.

వన్స్‌మోర్.. అప్పటి లైక్ బటన్

తెలుగు నాటకంలో పద్యం బాగా పాడితే జనం ‘వన్స్‌మోర్’ అని అరుస్తారు. నటుడు కథ ఆపి ఆ పద్యం మళ్లీ పాడతాడు. యుద్ధంలో ఉన్నా, ఏడుస్తున్నా సరే, పాడాల్సిందే. రాగాలాపన ఎంతసేపు సాగాలో కూడా జనమే తేలుస్తారు.

ఇక చదివింపులు. నటన నచ్చిన వాళ్లు డబ్బు పంపితే, ఎవరిచ్చారో ఎంతిచ్చారో మైకులో పేరుతో సహా చదువుతారు. రాయలసీమ జాతరల్లో, తిరునాళ్లలో పౌరాణిక నాటకాలు చూసిన వాళ్లకు ఇది కొత్త కాదు. నటుడికి పది రూపాయలు దక్కుతాయి, ఇచ్చినాయనకు ఊరందరి ముందూ పేరు దక్కుతుంది. ఇప్పటి లైవ్ స్ట్రీమ్‌లో డబ్బు పంపితే పేరు చదివే పద్ధతి కొత్తదని అనుకుంటాం కానీ, మన తిరునాళ్లలో అది ఎప్పటి నుంచో ఉంది.

ట్రిక్ సీన్లు కూడా జనాన్ని మళ్లీ మళ్లీ రప్పించాయి. నారదుడు గాల్లో దిగి రావడం, బాణాలు ఎదురెదురుగా వచ్చి ఢీకొనడం, మాయాబజార్‌లో లడ్డూలు వాటంతట అవే ఘటోత్కచుడి నోట్లోకి వెళ్లడం.. ఇవన్నీ తీగలు, దారాలు, లైట్ల పనితనమే. గ్రాఫిక్స్ లేవు, కళ్ల ముందే జరుగుతుంది.

విదేశీ బ్యాండ్లు ఏం చేశాయి?

బ్రిటన్‌కు చెందిన బీటిల్స్ 1963 నుంచి 1969 వరకు ఏటా క్రిస్మస్‌కు తమ ఫ్యాన్ క్లబ్ సభ్యుల కోసం ప్రత్యేకంగా ఓ రికార్డు పంపేది. అమెరికా రాక్ బ్యాండ్ గ్రేట్‌ఫుల్ డెడ్ 1971లో ఓ ఆల్బమ్ అట్ట మీదే అభిమానులను పేరు, అడ్రస్ పంపమని కోరింది. అలా చేరిన అడ్రసులకు ఉత్తరాలు రాస్తూ టూర్ వివరాలు చెప్పేది. 1984లో అయితే షోలను టేప్ చేసుకునే అభిమానుల కోసం హాల్లో ప్రత్యేకంగా చోటు కూడా కేటాయించింది.

తేడా ఎక్కడుందంటే.. ఆ బ్యాండ్లు అభిమానుల అడ్రసులు సేకరించాయి. సురభి తన అడ్రస్‌నే అభిమానుల వీధిలోకి మార్చుకుంది.

సినిమా దెబ్బ

తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1932లో వచ్చింది. దర్శకుడు హెచ్.ఎం.రెడ్డి. అందులో లీలావతిగా నటించి తొలి తెలుగు సినీ కథానాయికగా నిలిచింది సురభి కమలాబాయే. అంటే తెలుగు సినిమా మొదటి అడుగే సురభి మనుషులతో పడింది. కానీ తర్వాత నాటకం జనాన్ని తీసుకెళ్లింది కూడా ఆ సినిమానే. ఊరూరా టూరింగ్ టాకీసులు వచ్చాయి, ఆ తర్వాత టీవీ, ఇప్పుడు ఫోన్.

రేకుల థియేటర్ వేయడమూ కష్టమైంది. ఊరి మధ్యలో ఖాళీ స్థలాలు తగ్గిపోయాయి. స్థలానికి అద్దె, కరెంటు, అనుమతులు, రవాణా.. అన్నీ పెరిగాయి. టికెట్ ధర మాత్రం ఆ లెక్కన పెంచలేరు. మెల్లగా ఒక్కో సమాజం మూతపడుతూ, ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మాత్రమే మిగిలాయి.

నిలబడింది ఎవరు?

1937లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి వీటిలో బాగా తెలిసిన పేరు. దాన్ని చాలాకాలం నడిపిన రేకందార్ నాగేశ్వరరావు అలియాస్ సురభి బాబ్జీకి 2013లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2022లో కన్నుమూశారు. 1990ల్లో ప్రముఖ రంగస్థల దర్శకుడు బి.వి.కారంత్ సురభి కళాకారులతో పనిచేసి భీష్మ లాంటి కొత్త నాటకాలు చేయించారు. సురభి ప్రదర్శన ఫ్రాన్స్ దాకా వెళ్లింది.

హైదరాబాద్ శివారు శేరిలింగంపల్లిలో సురభి కుటుంబాలు స్థిరపడ్డాయి. రవీంద్రభారతి లాంటి వేదికల మీద వాళ్ల నాటకాలు పడుతుంటాయి. గౌరవం దక్కింది కానీ పద్ధతి మారింది. ఇప్పుడు ఎక్కువగా పిలిస్తే వెళ్లి, ఆడి, వచ్చేయడమే. నెలల తరబడి ఓ ఊళ్లో ఉండే క్యాంప్ అరుదైపోయింది.

అసలు నష్టం అక్కడే. హాల్లో ఓ రాత్రి చూసినవాడు చప్పట్లు కొడతాడు, ఫోన్‌లో క్లిప్ తీసుకుంటాడు, వెళ్లిపోతాడు. రేపు ఏం ఆడతారని అడిగే అవసరం అతనికి లేదు. పదిసార్లు చూసిన ప్రేక్షకుడే పద్యం ఎక్కడ తగ్గిందో చెప్పగలడు. ఆ ప్రేక్షకుడు తయారవ్వాలంటే నాటకం తన ఊళ్లో కొన్నాళ్లుండాలి.

కర్నూలు, కడప సంగతేంటి?

పౌరాణిక నాటకానికి సీమలో ఇప్పటికీ జనం ఉన్నారు. పంట ఇంటికొచ్చి చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో, జాతరలప్పుడు, పల్లెల్లో తెల్లవార్లూ సత్యహరిశ్చంద్ర, కురుక్షేత్రం ఆడిస్తారు. కర్నూలులో టీజీవీ కళాక్షేత్రం లాంటి వేదిక ఉంది.

సురభి ఆడే వీరబ్రహ్మంగారి చరిత్ర అయితే పూర్తిగా ఈ నేల కథే. కాలజ్ఞానంతో ముడిపడిన బనగానపల్లె పాత కర్నూలు జిల్లాలోది (2022 నుంచి నంద్యాల జిల్లా). స్వామి జీవసమాధి ఉన్న కందిమల్లాయపల్లె కడప జిల్లాలోది. ఆ నాటకంలో వచ్చే ఊళ్ల పేర్లు ఇక్కడి ప్రేక్షకుడికి బస్సు బోర్డు మీద కనిపించే పేర్లే.

అయినా సురభి పుట్టిన జిల్లాలోని కుర్రాళ్లలో చాలామందికి సురభి అంటే ఫోన్‌లో కనిపించే లడ్డూల క్లిప్ మాత్రమే. ఆ క్లిప్ లక్షల మంది చూసినా నాటక సమాజానికి పూట గడిచేది టికెట్‌తోనే, పిలుపుతోనే.

ఒక్క చూపులో..

* పుట్టింది: 1885, సురభి గ్రామం, కడప జిల్లా
* ఆద్యుడు: వనారస గోవిందరావు
* తొలి నాటకం: కీచక వధ
* ప్రత్యేకతలు: కుటుంబ సమాజం, స్త్రీ పాత్రల్లో స్త్రీలే, ట్రిక్ సీన్లు
* జనంతో బంధం: క్యాంప్, కరపత్రం, వన్స్‌మోర్, మళ్లీ మళ్లీ రాక

మీ ఊళ్లో తిరునాళ్లకో, పెద్ద వేడుకకో ఈసారి ఏ కార్యక్రమం పెట్టాలని చర్చ వస్తే సురభి పేరు కూడా చెప్పి చూడండి. కుదిరితే ఒక్క రాత్రికి కాకుండా వరసగా నాలుగు రోజులకు మాట్లాడండి. మొదటి రోజు చూసినవాళ్లు రెండో రోజు పక్కింటి వాళ్లను కూడా వెంటబెట్టుకొస్తారు. సురభి ఊరూరా జనాన్ని సంపాదించుకున్నది అలాగే మరి!